చెవికి అందే వెబ్ పేజీ

రైలు టిక్కెట్ల వెబ్‌సైటు తెరిస్తే ఎక్కడ ఏముందో కన్ను రెండు మూడు క్షణాల్లో పట్టేస్తుంది. పైన మెరిసే ప్రకటనను దాటేస్తుంది, పక్కనున్న మెనూను పట్టించుకోదు, బయల్దేరే ఊరి పేరు రాయాల్సిన గడి మీద వాలుతుంది. చెవికి ఆ వెసులుబాటు లేదు. మాట వెనక మాటగా, పై నుంచి కిందికి మొత్తం వినాల్సిందే. అందుకే చూపులేనివారికి ఇంటర్నెట్‌లో కావలసింది పేజీని పైకి చదివి వినిపించే గొంతు ఒక్కటే అనుకుంటే అసలు సమస్య అర్థం కానట్టే. గొంతు ఎప్పుడో దొరికింది. ఈ పేజీలో ఏది ముఖ్యం, ఏది దేని కిందికి వస్తుంది, దేన్ని వదిలేయవచ్చు అన్న సమాచారం దొరకడమే కష్టం. స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ చరిత్రంతా ఆ సమాచారం కోసం సాగిన వెతుకులాట.

విండోస్‌కు ముందున్న డాస్ కాలంలో పని తేలిక. తెర మీద 25 వరసలు, వరసకు 80 అక్షరాలు. అవన్నీ కంప్యూటర్ జ్ఞాపకంలో అక్షరాలుగానే ఉండేవి. వాటిని తీసుకుని గొంతుకు అందిస్తే చాలు. రోడ్డు ప్రమాదంలో చూపు కోల్పోయిన మోటార్‌సైకిల్ పందాల క్రీడాకారుడు టెడ్ హెంటర్ అమెరికాలో 1989లో విడుదల చేసిన జాస్ అనే స్క్రీన్ రీడర్ మొదట ఆ పద్ధతిలోనే నడిచింది. తర్వాత విండోస్ వచ్చింది. తెర మీద అక్షరం కూడా చుక్కలతో గీసిన బొమ్మ అయిపోయింది. అప్పుడు స్క్రీన్ రీడర్లు, ఏ ప్రోగ్రాం ఏ అక్షరాన్ని ఎక్కడ గీయమంటోందో మధ్యలో పొంచి ఉండి పట్టుకుని, తెరకు ఒక నకలును తమ దగ్గర రాసి పెట్టుకోవడం మొదలుపెట్టాయి. ఆ కష్టమంతా పడ్డాక వెబ్ పేజీ ఎదురైంది. పక్కపక్కనే రెండు కాలమ్‌లుంటే ఎడమ కాలమ్‌లో ఒక ముక్క, కుడి కాలమ్‌లో ఒక ముక్క కలిపి ఒకే వాక్యంలా చదివేసేవి. ఏ వార్తా అర్థమయ్యేది కాదు.

దారి చూపింది జపాన్‌కు చెందిన చియేకో అసకావా. చిన్నప్పుడు ఈతకొలనులో తగిలిన దెబ్బ వల్ల 14 ఏళ్లకే ఆమె చూపు పూర్తిగా పోయింది. సాహిత్యం చదివి, ఆ తర్వాత ప్రోగ్రామింగ్ నేర్చుకుని ఐబీఎం టోక్యో పరిశోధనాలయంలో చేరారు. తెరను చదవడం మానేసి, తెర వెనకున్న రాతను చదవాలన్నది ఆమె పట్టుకున్న కీలకం. వెబ్ పేజీని హెచ్‌టీఎంఎల్ అనే గుర్తుల భాషలో రాస్తారు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లింకు అని అందులో ముందే రాసి ఉంటుంది. ఆమె తయారుచేసిన హోమ్ పేజ్ రీడర్ 1997లో జపాన్‌లో విడుదలైంది. మామూలు పాఠాన్ని మగ గొంతుతో, లింకులను ఆడ గొంతుతో చదివేది. కీబోర్డులో కుడివైపున్న అంకెల మీటలతోనే పేజీ అంతా తిరగగలిగేవారు. గొంతు మారగానే అక్కడి నుంచి ఇంకో పేజీకి తలుపుందని వినేవారికి తెలిసిపోయేది.

ఇవాళ్టి బ్రౌజర్లన్నీ ఆ ఆలోచనను తమలో కలుపుకున్నాయి. కళ్లున్నవారి కోసం పేజీని గీసేటప్పుడే బ్రౌజర్ ఇంకో నిర్మాణాన్నీ కడుతుంది. సాంకేతిక నిపుణులు దాన్ని యాక్సెసిబిలిటీ ట్రీ అంటారు. రంగులు, సైజులు, అలంకారాలు అందులో ఉండవు. ఒక్కో వస్తువుకూ మూడు సంగతులు ఉంటాయి: అదేమిటి, దాని పేరేమిటి, ఇప్పుడది ఏ స్థితిలో ఉంది. బటన్, ‘చెల్లించు’, ప్రస్తుతం పనిచేయదు. చెక్ బాక్స్, ‘షరతులకు అంగీకరిస్తున్నాను’, టిక్కు పెట్టలేదు. స్క్రీన్ రీడర్ నోట వినిపించేది ఈ చెట్టు కొమ్మల్లో ఉన్నదే. అది పేజీని చూడదు, ఈ చెట్టు మీద తిరుగుతుంది.

తిరగడం ఎలాగో ఎన్‌వీడీఏతో చెబుతాను. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో మొదలుపెట్టి, అలాంటివాడే అయిన మిత్రుడు జేమ్స్ టే తోడుగా పెంచిన సాఫ్ట్‌వేర్ అది. ఉచితం, పైగా ఎవరైనా మార్చుకోగల బహిరంగ సోర్సు. ఖరీదైన స్క్రీన్ రీడర్ కొనలేని మన విద్యార్థులకు ఇది ఎంత పెద్ద ఊరటో చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషులో హెడింగ్‌కు మొదటి అక్షరమైన ‘హెచ్’ మీట నొక్కితే తర్వాతి శీర్షిక మీదకు దూకుతుంది. 1 నొక్కితే పెద్ద శీర్షికలు, 2 నొక్కితే ఉపశీర్షికలు. ‘టి’ నొక్కితే పట్టిక, ‘ఎఫ్’ నొక్కితే నింపాల్సిన గడి. పేజీలోని లింకులన్నిటినీ ఒక జాబితాగా తెప్పించుకోవచ్చు. అలవాటు పడ్డవారు మామూలు మాటకు రెండు మూడు రెట్ల వేగంతో వింటూ ఈ దూకుళ్లతో వార్తాపత్రికను తిరగేస్తారు. ఆ వేగంలో, మనకు కరుకుగా యంత్రంలా వినిపించే గొంతే వారికి స్పష్టం. మనిషిలా మాట్లాడే తియ్యని గొంతులు ఆ వేగంలో అలుక్కుపోతాయి.

అయితే దూకాలంటే శీర్షిక ఉండాలి. పేజీ చేసినవారు శీర్షికను శీర్షికగా గుర్తించకుండా అక్షరాలను పెద్దవి చేసి, ముదురు చేసి ఊరుకుంటే కంటికి అది శీర్షికే, చెట్టులో మాత్రం ఒట్టి పేరా. బటన్ మీద భూతద్దం బొమ్మ పెట్టి పేరు రాయకపోతే స్క్రీన్ రీడర్ ‘బటన్’ అని ఊరుకుంటుంది. దేనికి బటన్? లింకుల జాబితా తెప్పించుకుంటే ‘ఇక్కడ క్లిక్ చేయండి’, ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అని వరసగా ఇరవై. ఇవేవీ తీర్చలేని చిక్కులు కావు. ఒక్కొక్కటీ ఒక్క లైను పని. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ 1999లోనే వీటిపై మార్గదర్శకాలు వెలువరించింది. అయినా అమెరికాలోని వెబ్ఎయిమ్ సంస్థ ఏటా జరిపే పరిశీలనలో, పది లక్షల ప్రసిద్ధ వెబ్‌సైట్ల ముఖపేజీల్లో 90 శాతానికి పైగా యంత్రానికి కూడా ఇట్టే దొరికిపోయే లోపాలతోనే ఉన్నాయి. పావు శతాబ్దం తర్వాత కూడా ఇలా ఉందంటే, తెలియకపోవడం ఒక్కటే కారణమని నేను నమ్మలేను.

రాసినవారు వదిలేసిన సమాచారాన్ని చదివేవారు పూరించలేరా? అసకావా బృందం ఆ ప్రయోగమూ చేసింది. దానికి ముందు 2004లో వారు పేజీ చేసేవారి కోసం ఏడిజైనర్ అనే సాధనం విడుదల చేశారు. పేజీలో ఒక్కో భాగాన్ని చేరడానికి చెవితో చదివేవారికి ఎంతసేపు పడుతుందో అది లెక్కగట్టి, ఎక్కువసేపు పట్టేచోటును నల్లగా చూపేది. తాను ముచ్చటపడి చేసిన పేజీ కింది సగమంతా చీకటిగా కనిపించాక ఏ డిజైనరూ నిశ్చింతగా కూర్చోలేడు. 2008లో సోషల్ యాక్సెసిబిలిటీ పేరుతో మరింత దూరం వెళ్లారు. చూపులేని పాఠకుడు ‘ఈ బొమ్మేమిటో తెలియడం లేదు’ అని కబురు పెట్టేవాడు. ప్రపంచంలో ఎక్కడో ఉన్న స్వచ్ఛంద సేవకుడు ఆ బొమ్మ చూసి పేరు రాసేవాడు, శీర్షికలు గుర్తించేవాడు. ఆ సమాచారమంతా అసలు వెబ్‌సైటులో కాక వేరే సర్వరులో చేరేది. మళ్లీ ఎవరు ఆ పేజీ తెరిచినా రెండూ కలిసి వచ్చేవి. యజమాని అనుమతి కోసం ఆగకుండా, ఒకరు కనుక్కున్నది అందరికీ పనికొచ్చేలా పోగుచేసే ఏర్పాటు అది. అవతలివారు పేజీ రూపం మార్చినప్పుడల్లా పాత గుర్తులు చెల్లకుండా పోవడం ఇలాంటి పద్ధతికున్న బలహీనత. అందుకే మూలంలో రాయడానికి సాటి వచ్చేది లేదు.

ఇప్పుడు బొమ్మలను యంత్రమే వర్ణిస్తోంది. ఫేస్‌బుక్ 2016లో ఆ పని మొదలుపెట్టింది. 2023 నుంచి బీ మై ఐస్ వంటి యాప్‌లు ఫొటో తీసి అడిగితే వివరంగానే చెబుతున్నాయి. గొప్ప సాయం, కాదనను. కానీ మందు సీసా మీది మోతాదు, పరీక్ష దరఖాస్తు గడువు వంటి చోట యంత్రం చెప్పే ‘బహుశా’ సరిపోదు.

తెలుగు దగ్గరకొస్తే శీర్షికల సంగతి అటుంచి, అక్షరమే అక్షరంగా లేని చిక్కు ఉంది. యూనికోడ్ అనే ప్రమాణంలో ప్రతి తెలుగు అక్షరానికీ ఒక సంఖ్య ఉంది. ‘క’ సంఖ్య 3093, పొల్లు సంఖ్య 3149. ‘క్క’ అంటే 3093, 3149, 3093. గొంతు సాఫ్ట్‌వేర్‌కు ఆ వరస అందితే ఒత్తు తప్పకుండా పలుకుతుంది. ఎన్‌వీడీఏతోపాటే వచ్చే ఈస్పీక్ అనే గొంతు సాఫ్ట్‌వేర్ తెలుగు పలుకుతుంది, ఆండ్రాయిడ్ ఫోన్లలోని టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ కూడా చదువుతుంది. మన డీటీపీ రంగంలో పాతుకుపోయిన పాత ఫాంట్ల తీరు వేరు. వాటిలో ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తలకట్టు, కొమ్ము, ఒత్తు వంటి ముక్కలను కూర్చి పెట్టారు. కాగితం మీద ముచ్చటైన తెలుగే. లోపల ఉన్నది మాత్రం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. అలాంటి పీడీఎఫ్‌ను స్క్రీన్ రీడర్ ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషు గొంతుతో చదువుతుంది. దశాబ్దాల తెలుగు పుస్తకాలూ పత్రికలూ ఇలా మూగగా పడి ఉన్నాయి. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి, మార్చాక మనిషి ఒకసారి సరిచూడాలి. ప్రచురణకర్తలు ముందుగా చేపట్టాల్సిన పని ఇదేనని నా అభిప్రాయం. కళ్లున్నవారికీ వెతికితే దొరికే పాఠం అప్పుడే వస్తుంది. మరో చిన్న సంగతి: పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్ మొదటి వరసలో రాయకపోతే, చక్కటి యూనికోడ్ పాఠాన్ని కూడా ఇంగ్లీషు గొంతు అందుకుని తడబడే ప్రమాదం ఉంది.

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందేలా ఉండాలంది. ఖాతా తెరవడానికి కెమెరా ముందు కళ్లార్పమనే ఈ-కేవైసీ పద్ధతిపై వచ్చిన కేసుల్లో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పునిస్తూ, డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవన హక్కులో భాగమని స్పష్టం చేసింది.

అయినా మన ప్రభుత్వ ఆఫీసుల్లో నోటిఫికేషన్ ఎలా తయారవుతుందో గమనించండి. కంప్యూటర్‌లో టైపు చేస్తారు, ప్రింటు తీస్తారు, అధికారి సంతకం పెడతారు, ఆ కాగితాన్ని స్కాన్ చేసి వెబ్‌సైటులో పెడతారు. టైపు చేసినప్పుడు ఉన్న అక్షరాలు స్కానర్ దాటేసరికి బొమ్మగా మారిపోతాయి. ఉద్యోగానికి దరఖాస్తు చేయాలనుకున్న చూపులేని నిరుద్యోగికి స్క్రీన్ రీడర్ చెప్పేది, పేజీ ఖాళీగా ఉందనే. సంతకం కోసం స్కాన్ తప్పదనే సాకు 2000లో సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి గుర్తింపు ఇచ్చినప్పుడే చెల్లకుండా పోయింది. టైపు చేసిన ఫైలు ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది. దాన్నే డిజిటల్ సంతకంతో పెట్టవచ్చు.