అంతర్జాల భాషాబోధన – ప్రామాణ్య విచారము

పలాస, టెక్కలి, ఉద్దాన ప్రాంతముల విద్యార్థులు నేడు ఇంటనుండియే అంతర్జాలము ద్వారా సంస్కృతము నేర్వగలుగుచున్నారు. ఇది శ్లాఘనీయమే. కాని పాఠశాలలో గురువు ప్రత్యక్షము. ఇచ్చట ముందుగా కనబడునది ప్రకటన మాత్రమే. కావున రుసుము చెల్లించుటకు పూర్వము మూడు పరీక్షలు అవశ్యకర్తవ్యములు.

మొదటిది ఆచార్యపరీక్ష. బోధకుని పేరు, అతడు చదివిన సంస్థ స్పష్టముగా తెలుపబడవలెను. పట్టమిత్తుమను సంస్థకు గుర్తింపు కలదో లేదో వారి మాటవలన గాక, విశ్వవిద్యాలయ నిధుల సంఘము వారి జాబితావలన నిర్ణయించుకొనవలెను. తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయము 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. అట్టి పేరును పోలిన పేరున్నంత మాత్రమున ప్రామాణ్యము సిద్ధింపదు.

రెండవది బోధనపరీక్ష. ఇదియే ప్రధానము. తొలిపాఠమున విద్యార్థి శ, ష, స లను పలుకగా బోధకుడు విని దిద్దునా? ‘రామః + అత్ర’ అనునది ‘రామోఽత్ర’ ఏల అయ్యెనని అడుగగా సూత్రము చూపి వివరించునా? దోషమును దిద్దనిచో అది బోధన కాదు, శ్రవణము మాత్రమే. ఈ సీమకు చేరువనున్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాషను సవరలవలననే విని నేర్చి, 1931లో దానిపై గ్రంథము ప్రకటించిరి. భాష నెరిగినవారి సన్నిధియే వారికి ప్రమాణము.

మూడవది ధనపరీక్ష. నెలదినములలో పాండిత్యమను హామీ, నేడే చెల్లింపుడను త్వర, రుసుము తిరిగి యిచ్చు నియమము లేకుండుట శంకాహేతువులు. మోసపోయినవారు తక్షణమే 1930 సంఖ్యకు దూరవాణిలో తెలుపవలెను.

పోయిన ధనము మరల రావచ్చును. తప్పుగా అలవడిన ఉచ్చారణము దిద్దుకొనుట మిక్కిలి కష్టము.