బంతి రాకముందే చూసినవాడు

ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్ నిలబడేది చాలా చిక్కైన చోటు. గోల్‌కీపర్‌కి ఆటంతా ఎదురుగానే కనిపిస్తుంది. మధ్యలో ఆడేవాడికి నాలుగు దిక్కులా మనుషులే. బంతి కాలికి తగిలాక ఎవరికివ్వాలా అని చూసుకుంటే, ఈలోగా వెనక నుంచి ఎవడో ఒకడు మీద పడతాడు. ఎవరు ఎక్కడున్నారో బంతి అందకముందే తెలిసి ఉండాలి. ఈ విద్యలో ఇంగ్లండ్ ఆటగాళ్లలో పాల్ స్కోల్స్‌ను మించినవాడు లేడని నా నమ్మకం.

1974లో సాల్ఫర్డ్‌లో పుట్టాడు. పొట్టి మనిషి, ఉబ్బసం ఉన్నవాడు, పరుగు అంతంతమాత్రం. అయినా 1994లో మాంచెస్టర్ యునైటెడ్ తరఫున పోర్ట్ వేల్ మీద ఆడిన తొలి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ కొట్టాడు. 2013లో ఆట మానేసేదాకా ఆ ఒక్క క్లబ్‌కే 718 మ్యాచ్‌లు ఆడాడు. 155 గోల్స్, 11 ప్రీమియర్ లీగ్ టైటిళ్లు అతని ఖాతాలో ఉన్నాయి.

అతని ఆటలో అసలు సంగతి మెడలో ఉండేది. బంతి తన వైపు వస్తుండగానే ఒకసారి కుడి భుజం మీదుగా, ఒకసారి ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసుకునేవాడు. ఆ రెండు చూపులతో మైదానమంతా మనసులో పటం కట్టేది. ఇక పరుగులో వేగంతో పనేముంది? ఒక్క తాకుతో బంతిని అవతలి అంచున ఉన్న సహచరుడి కాళ్ల దగ్గరికి పంపేవాడు.

ట్యాక్లింగ్ మాత్రం అతనికి ఎప్పుడూ పట్టుబడలేదు. బంతి లాక్కోబోయి ఆలస్యంగా కాలు పెట్టి పసుపు కార్డులు తెచ్చుకునేవాడు. 1999 చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో యువెంటస్‌పై అలాంటి కార్డే ఫైనల్‌కు దూరం చేసింది. బార్సిలోనా నగరంలో చివరి క్షణాల్లో రెండు గోల్స్‌తో బయెర్న్ మ్యూనిక్‌ను తన జట్టు ఓడిస్తుంటే, స్కోల్స్ సూటు వేసుకుని చూస్తూ ఉండిపోయాడు.

ఆ లోటు తీరడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 2008 సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో బార్సిలోనా డిఫెండర్ పొరపాటున వదిలిన బంతి 14వ నిమిషంలో అతనికి దొరికింది. దూరం నుంచే కొట్టాడు, గోల్ పై మూలలో పడింది. 1-0. మాస్కో ఫైనల్లో మొదటి నుంచీ ఆడాడు, కప్పు అందుకున్నాడు.

ఇంగ్లండ్ జట్టు ఇతన్ని సరిగా వాడుకోలేదు. తోటి మిడ్‌ఫీల్డర్లు లాంపార్డ్, జెరార్డ్‌లకు మధ్యలో చోటివ్వడానికి ఇతన్ని ఎడమ అంచుకి నెట్టారు. నాలుగు వైపులా చూడగలిగేవాణ్ణి గీత పక్కన నిలబెడితే సగం చూపు వృథా. 66 మ్యాచ్‌లాడి, 2004లో 29 ఏళ్లకే దేశం తరఫున ఆట మానేశాడు. క్లబ్‌కి మాత్రం 2011లో వీడ్కోలు చెప్పి, ఏడు నెలలు తిరగ్గానే 37 ఏళ్ల వయసులో మళ్లీ బూట్లు కట్టుకున్నాడు. 2013లో మరో లీగ్ టైటిల్ గెలిచాకే వదిలాడు.

అతని పాత మ్యాచ్‌ల వీడియోలు ఎక్కడైనా దొరికితే, కాసేపు బంతిని వదిలేసి అతని తల వైపే చూడండి.