పాలీహౌస్ టమాటా సరిగ్గా ఎర్రబడట్లేదా? ఏదైనా కొట్టేముందు కాయ కోసి చూడండి



ఎండలు ముదిరాయంటే పాలీహౌస్‌లో టమాటా వేసినవాళ్లు నన్ను అడిగేది ఒకటే. "అన్నా, కాయ సైజు బాగుంది, కానీ ఎర్రగా కావట్లేదు. తొడిమ చుట్టూ పసుపుగా, గట్టిగా ఉండిపోతోంది. ఏం కొట్టమంటావు?"

ఇప్పుడే ఏదీ కొట్టొద్దు. ముందు కారణం పట్టుకోవాలి. అది పట్టుకోకుండా పని చేసి నేను నష్టపోయాను కాబట్టి చెప్తున్నా.

మొదటి ఏడాది ఏప్రిల్‌లో నా పంటలోనూ ఇదే జరిగింది. ఎండ తగిలితే త్వరగా పండుతాయిలే అని గుత్తుల చుట్టూ ఆకులన్నీ తీయించేశాను. బలం చాలట్లేదేమోనని జీవామృతం కూడా పెంచాను. వారం తిరిగేసరికి పసుపు ఇంకా ఎక్కువైంది. ఆ కోతలో సగం కాయలు గ్రేడింగ్‌లోనే పక్కకు పోయాయి. డిప్లొమాలో చదువుకున్న విషయమే, పొలంలో గుర్తు రాలేదు: టమాటా పండటానికి కాయ మీద ఎండ పడక్కర్లేదు, తగిన వేడి ఉంటే చాలు.

ఎరుపు ఎందుకు ఆగుతుంది?

టమాటాకి ఎరుపు ఇచ్చేది లైకోపీన్. అది 20–25 డిగ్రీల దగ్గర బాగా తయారవుతుంది. 30 దాటి వేడి అలాగే కొనసాగితే తగ్గిపోతుంది. పసుపు రంగు ఇచ్చే కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. అందుకే కాయ నారింజ రంగు దగ్గరే ఆగిపోతుంది. పైగా నేరుగా ఎండ పడిన కాయ చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువ వేడెక్కుతుంది.

మూడు చోట్ల చూడండి

1. ఏ కాయలు? ఎండవైపు కాయలు పసుపుగా ఉండి, అదే మొక్కలో ఆకుల చాటు కాయలు ఎర్రగా ఉంటే అది వేడి వల్లే.

2. కోస్తే లోపల ఏముంది? నీడలో ఉన్న కాయలకు కూడా అక్కడక్కడ పసుపు, ఆకుపచ్చ మచ్చలు, లోపల గట్టి తెల్లటి కండ, ముదురు ఆకుల అంచులు ఎండిపోవడం కనిపిస్తే పొటాష్ లోటును అనుమానించాలి. భూసార పరీక్ష చేయించి ఖాయం చేసుకోండి.

3. ఆకు వెనక ఏముంది? కాయ మీద నిలువు చారలుగా రంగు ఆగి, ఆకుల అడుగున తెల్లదోమ, దాని పిల్ల పురుగులు కనిపిస్తే కారణం అదే. కాయ మీద గుండ్రటి వలయాలు ఉంటే మాత్రం తామర పురుగులు మోసుకొచ్చే వైరస్ అయి ఉండొచ్చు. ఆ మొక్కను పీకి బయట పారేయండి.

ఇంట్లో చేసుకునే పరీక్ష

పది దోర కాయలు కోసి, ఇంట్లో చల్లటి గదిలో నీడన పెట్టండి. ఫ్రిజ్‌లో వద్దు. వారం లోపు పూర్తిగా ఎర్రబడితే వేడి రంగును ఆపింది, అంతే. ఇక నుంచి దోరగా ఉన్నప్పుడే కోసి ఇంట్లో పండించుకోవచ్చు, పంట చేతికొస్తుంది. గట్టి మచ్చ అలాగే ఉంటే కాయ పెరిగేటప్పుడే దెబ్బతిన్నట్టు. అప్పుడు పై మూడింటిలో ఏది కారణమో చూసుకోవాలి.

ఏం చేయాలి?

- వేడి: మధ్యాహ్నం షేడ్‌నెట్ లాగండి, పక్క కర్టెన్లు ఎత్తి గాలి ఆడనివ్వండి. గుత్తికి నీడనిచ్చే ఆకులు తీయొద్దు. పండుతున్న గుత్తికి కింద ఉన్న ముసలి ఆకులు తీస్తే చాలు. థర్మామీటర్‌ను కాయల ఎత్తులో, ఎండ తగలకుండా కట్టండి.
- పొటాష్: అరటి బోదె ముక్కలు కుళ్లబెట్టిన ఎరువు, ఆచ్ఛాదన బాగా పనికొస్తాయి. కట్టెల బూడిద మంచిదే, కానీ చౌడు నేలల్లో వద్దు. తడి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ కాకుండా డ్రిప్ సమంగా ఇవ్వండి. నేలలో పొటాష్ ఉన్నా, వేరు ఎండితే మొక్కకు అందదు.
- తెల్లదోమ: పసుపు జిగురు అట్టలు పెట్టండి, నీమాస్త్రం ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టండి, నెట్‌లో చిరుగులు కుట్టించండి.

మచ్చ గట్టిపడిపోయిన కాయను ఇప్పుడు ఏదీ బాగు చేయదు. మనం చేసేదంతా పైన రాబోయే గుత్తుల కోసం. జీవామృతం మానక్కర్లేదు, కానీ వేడికి అది మందు కాదు.

కాయ కోసి లోపలి కండ ఎలా చూడాలో పై వీడియోలో చూపించాను. రేపు పొద్దున పాలీహౌస్‌లోకి వెళ్లేటప్పుడు డ్రమ్ము బదులు ఒక చాకు పట్టుకెళ్లండి.