ఊరి గాలికి రక్ష: గెజెట్టులో మారే నియమాలు

చరక సంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసమనే అధ్యాయం ఉంది. వాయువు, జలము, దేశము, కాలము చెడినప్పుడు వేర్వేరు ప్రకృతులు గలవారు సైతం ఒకేసారి ఒకే వ్యాధికి లోనవుతారని అది బోధిస్తుంది. గురుకులంలో మాచేత దానిని కంఠస్థం చేయించారు. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారాల నడుమ కాపురముండే విశాఖ గృహస్థులకు ఆ అధ్యాయాన్ని ఇంకొంచెం విడమరచి చెప్పవలసి ఉన్నది.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. తరువాతి వారాలలో నా వద్దకు వచ్చినవారు, ఊపిరితిత్తుల శుద్ధికి ఏ కషాయం సేవించాలని అడిగేవారు. ఆ వాయువుకు విరుగుడైన కషాయమేదీ నేనెరుగను. ఇక్కడ ప్రథమ చికిత్స నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని తొలగించుట. అది వైద్యుని చేతిలో లేదు, ప్రభుత్వ నియమావళిలో ఉన్నది.

1984 డిసెంబరులో భోపాల్ దుర్ఘటన జరిగిన పిదప 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ, 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు వచ్చాయి. ఆ 1989 నియమాలను 1994లోను, 2000లోను సవరించారు. వాటిలో 15వ నియమం మనకు ముఖ్యం. కర్మాగారంలో ఉన్న అపాయమేమిటో, ప్రమాదవేళ ఏమి చేయాలో, ఏమి చేయరాదో పరిసరవాసులకు ముందుగానే తెలియజేయాలని అది శాసిస్తుంది. వెంకటాపురంలో ఆ రాత్రి సైరను సైతం మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వపు ఉన్నతస్థాయి కమిటీ పేర్కొన్నది. నియమం లేక జరిగిన లోపం కాదది!

కమిటీ నివేదిక తనంతట తాను నియమం కాజాలదు. మంత్రిత్వశాఖ ముసాయిదా సిద్ధం చేసి గెజెట్టులో ప్రచురిస్తుంది. సాధారణంగా 60 దినాల లోపల ఎవరైనా అభ్యంతరాలు, సూచనలు పంపవచ్చును. వాటిని పరిశీలించిన మీదట తుది ప్రకటన వెలువడుతుంది. అయితే కేంద్ర గెజెట్టు వెలువడేది హిందీలోను, ఆంగ్లంలోను. పొగగొట్టం పక్కన కాపురమున్న గృహిణి దానిని చదివి గడువులోగా జాబు వ్రాయగలదా? 2020 జూన్ 30న ఢిల్లీ హైకోర్టు, పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాను రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు భాషలలోకి అనువదింపజేయాలని ఆదేశించింది. ఆ మర్యాద ప్రతి భద్రతా ముసాయిదాకూ దక్కవలెనని నా అభిప్రాయం.

మీ ఇంటి సమీపంలో రసాయన కర్మాగారముంటే, 15వ నియమాన్ని ఉదహరిస్తూ కలెక్టరు కార్యాలయానికి అర్జీ పెట్టండి. 1996 నాటి రసాయన ప్రమాదాల నియమాల ప్రకారం జిల్లా సంక్షోభ బృందానికి కలెక్టరే అధ్యక్షులు.

ఘాటైన వాసన సోకితే జవాబు వచ్చేదాకా ఆగలేము గదా. స్టైరీన్ ఆవిరి గాలికంటె బరువైనది, పల్లంలో నిలుస్తుంది. కనుక గాలి వీచే దిశకు అడ్డంగా నడచి, మెరక ప్రదేశానికి చేరాలి. ముక్కుకు తడిబట్ట కొంత ఉపశమనమే తప్ప రక్ష కాదు. కండ్లను మంచినీటితో 15 నిమిషాలు కడిగి, దుస్తులు మార్చి, ఆయాసం ఉన్నవారిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. పాలు, నెయ్యి త్రాగించుచు కాలహరణం చేయరాదు.