పాటల పెట్టెలో ముల్లు మార్చడం

బాలలారా! నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్యగారి పేరు మీరు వినే ఉంటారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆయనకు 2022లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది. ఆ కిన్నెరను ఎప్పుడైనా దగ్గరగా చూచారా? సన్నని తీగలు, వాటి కింద ఎండిన సొరకాయ బుర్రలు ఉంటాయి. బుర్రలు లేకుండా తీగను ఒక్కదాన్నే మీటితే ఆ చప్పుడు పక్కవాడికి కూడా సరిగా వినపడదు. తీగ వణుకును బుర్ర అందుకుని పెద్దది చేస్తుంది. అందుకే పాట వీధి చివరికి వినిపిస్తుంది.

గ్రామఫోనులో జరిగేది కూడా ఇదే. అందులో తీగకు బదులు ఒక ముల్లు ఉంటుంది. రికార్డు మీద సన్నని గాడి, చుట్టలు చుట్టలుగా, అంచు నుంచి నడిమి దాకా పోతుంది. ఆ గాడి గోడలు వంకరటింకరగా ఉంటాయి. ఆ వంకరలే పాట! రికార్డు తిరిగినప్పుడు ముల్లు ఆ వంకరల వెంట అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపును పాతకాలపు గ్రామఫోనులో పెద్ద బాకా పెద్దది చేసేది. తరవాత ఆ పని కరెంటు చేయసాగింది.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డు మూడు నిమిషాలు పాడుతుందనుకోండి. మొత్తం 234 చుట్లు. ముల్లు ఆ గాడిలో నడిచే దూరం లెక్క వేస్తే నూరు మీటర్లు దాటుతుంది! ఒక్క పాటకు ఆ చిన్న ముల్లు అంత దూరం గోడలు రాసుకుంటూ పోవాలి. మరి ఆ గోడలు అరిగిపోవా? అరుగుతాయి. మన కథ అంతా ఈ అరుగుదల గురించే.

ముందు పాటల పెట్టె సంగతి తెలుసుకుందాం. దీన్ని ఇంగ్లీషువాళ్లు జూక్‌బాక్సు అంటారు. 1889 నవంబరు 23న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో లూయీ గ్లాస్ అనే ఆయన ఒక పానశాలలో ఎడిసన్ ఫోనోగ్రాఫును పెట్టెలో పెట్టి, నాణెం వేస్తేనే పాడేటట్టు ఏర్పాటు చేశాడు. చెవికి గొట్టాలు పెట్టుకుని వినాలి. రానురాను ఈ పెట్టెలు పెద్దవయినాయి. 1948లో సీబర్గ్ కంపెనీ తయారుచేసిన పెట్టెలో 50 రికార్డులు నిలువుగా నిలబడి ఉండేవి. రెండు పక్కలా కలిపి నూరు పాటలు! నాణెం వేసి మీట నొక్కితే యంత్రం తనే వెళ్లి కావలసిన రికార్డును పట్టుకునేది. మన దేశంలో బొంబాయిలోని కొన్ని ఇరానీ హోటళ్లలో ఇటువంటి పెట్టెలు ఉండేవి. చాయ్ తాగుతూ నాణెం వేసి సినిమా పాట వినేవారు.

ఈ పాత పెట్టెలను ఇప్పుడు కొందరు శ్రద్ధగా బాగుచేస్తున్నారు. వాళ్లు మొట్టమొదట చూచేది ముల్లునూ, ముల్లును పట్టుకునే పికప్‌నూ, ఆ రెంటినీ మోసే చేతినీ. ఎందుకో తెలుసా? పాత చేతులు చాలా బరువైనవి. బాకా గ్రామఫోనులో ముల్లు మీద నూరు గ్రాములకు మించిన బరువు పడేది. తరవాత వచ్చిన మంచి పికప్‌లకు రెండు మూడు గ్రాములు చాలు.

"రెండు గ్రాములా? అదేం బరువు?" అంటారేమో. ఒక చిన్న ప్రయోగం చేయండి. పెన్సిలు మొద్దు వైపు అరచేతిలో పెట్టి మెల్లగా నొక్కండి. తరవాత అంతే బలంతో చెక్కిన మొనవైపు నొక్కండి. మొన గుచ్చుకుంటుంది. బలం అదే, కాని అది పడే చోటు చిన్నదయింది. ఇప్పుడు లెక్క చూడండి. మిల్లీమీటరులో నూరో వంతు పొడుగూ, అంతే వెడల్పూ గల చోట రెండు గ్రాముల బరువు పెట్టామనుకోండి. చదరపు సెంటీమీటరుకు లెక్కగడితే రెండు టన్నులు అవుతుంది. అంటే యాభై కిలోల బియ్యం బస్తాలు నలభై తెచ్చి మీ బొటనవేలి గోరంత చోట పేర్చినట్టు!

అయితే బరువు పూర్తిగా తీసివేస్తే సరిపోతుందా? సరిపోదు. గద్వాల చీర నేసేవారిని అడగండి. నూలు పోగు మరీ బిగిస్తే తెగుతుంది, మరీ వదులుగా ఉంటే నేత కుదరదు. ముల్లు కూడా అంతే. మరీ తేలికైతే గాడిలో కుదురుగా నడవక ఎగిరెగిరి పడుతుంది, గోడలను కొడుతుంది. కనక ప్రతి పికప్‌కూ ఇంత బరువు ఉండాలని ఒక లెక్క ఉంటుంది. చేతి వెనక కొసన ఒక బరువు పెట్టి, తక్కెడ సరిచూచినట్టు ఆ లెక్కకు తెస్తారు. నిలువుగా నిలబడిన రికార్డును పాడించే పెట్టెలో మరో చిక్కు ఉంది. ముల్లు పక్కనుంచి ఆనుతుంది గనక దాని బరువు దాన్ని గాడిలోకి నొక్కదు. అక్కడ వేరే ఏర్పాటుతో నొక్కించాలి.

ఇక పికప్ సంగతి. ఇందులో రెండు ముఖ్యమైన రకాలు ఉన్నాయి. మీ వంటింట్లో గ్యాసు పొయ్యి వెలిగించే లైటరు చూచారు గదా? మీట నొక్కితే లోపలి స్ఫటికం మీద దెబ్బ పడుతుంది, కరెంటు పుట్టి రవ్వ వస్తుంది. ఈ గుణాన్ని 1880లో జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ అనే అన్నదమ్ములు కనిపెట్టారు. మొదటి రకం పికప్‌లో ముల్లు ఊగి ఇటువంటి స్ఫటికాన్నే నలుపుతుంది. పాత పికప్‌లలో రోషెల్ ఉప్పు స్ఫటికం ఉండేది. చింతపండుకు పులుపు నిచ్చే టార్టారిక్ ఆమ్లం నుంచే ఈ ఉప్పు తయారవుతుంది. దీనికి వేడి పడదు, తేమ పడదు. 55 డిగ్రీల వేడికే చెడిపోతుంది. మన పాలమూరు ఎండల్లో మూసిన పెట్టెలో, పక్కనే రేడియో వాల్వులు వెలుగుతూ ఉంటే దాని గతి ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

రెండో రకం సైకిలు డైనమో వంటిది. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే కరెంటు పుడుతుందని 1831లో ఫారడే చూపాడు. ఇందులో ముల్లు కొసన ఉన్న చిన్న అయస్కాంతం ఊగుతుంది. ఇది తేలికైనది, పాట స్వచ్ఛంగా వస్తుంది. కాని దీని కరెంటు చాలా తక్కువ. స్ఫటికం ఒక వోల్టు దాకా ఇస్తే, ఇది వోల్టులో వెయ్యో వంతులు ఏ నాలుగో అయిదో ఇస్తుంది. కనక పాత పికప్ తీసి కొత్తది తగిలిస్తే చాలదు, మధ్యలో కరెంటును పెంచే చిన్న యంత్రం కూడా పెట్టాలి. ఇంకోటి: గాడి మరీ వెడల్పుగా ఊగకుండా, రికార్డు చేసేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గిస్తారు. పాడించేటప్పుడు వాటిని మళ్లీ పెంచాలి. 1954 నుంచి దీనికి ఒక ప్రమాణం ఏర్పడింది. ఆ చిన్న యంత్రమే ఈ పని కూడా చేస్తుంది.

ఇంతటితో అయిందా? లేదు. పాట అయిపోయిందని పాటల పెట్టెకు ఎట్లా తెలుస్తుంది? చాలా పెట్టెల్లో ముల్లు నడిమికి చేరినప్పుడు చేయి వెళ్లి ఒక మీటను తోస్తుంది. అప్పుడు యంత్రం రికార్డును తీసి పక్కన పెడుతుంది. కొత్త ముల్లు మరీ తేలికైతే ఆ మీటను తోయలేక, గాడి దాటి ఎగిరి, పాడిన చోటే పాడుతూ ఉంటుంది! అందుకే బాగుచేసేవారు చేతి ఇరుసును శుభ్రం చేసి, మీట సులభంగా కదిలేటట్టు సవరించి, ఆ తరవాతే బరువు తగ్గిస్తారు. ఒకటి మారిస్తే మూడు సరిచూడాలన్నమాట.

పిల్లలూ, ఇదంతా మనకెందుకు అనుకోకండి. గద్వాలలోనో వనపర్తిలోనో మీ తాతగారి సందుకలో ఒక నల్లని పాత రికార్డు ఉండవచ్చు. అందులో ఏ నాటక పద్యమో, ఏ హరికథో ఉండవచ్చు. ఆ గొంతు మరెక్కడా మిగిలి లేకపోవచ్చు. మొద్దుబారిన బరువు ముల్లుతో వేసిన ప్రతిసారీ ఆ గొంతులో కొంత పొడి అయి రాలిపోతుంది. రాలినది మళ్లీ రాదు.

కనక ఇవి జ్ఞాపకం పెట్టుకోండి. రికార్డును అంచులతో పట్టుకోండి, గాడిని వేళ్లతో తాకకండి. ఎండలో పెట్టకండి. 78 చుట్ల పాత రికార్డు లక్కతో చేసినది, మన మోదుగ, రేగు చెట్ల మీద పురుగులు పెట్టే లక్కే, హైదరాబాదు లాడ్ బజారు గాజుల్లోని లక్కే. అది వేడికి వంగుతుంది, స్పిరిటుతో తుడిస్తే కరిగిపోతుంది. దాని గాడి వెడల్పు, తరవాతి రికార్డుల గాడి ఇరుకు. ఒకదాని ముల్లు రెండోదానికి వాడకూడదు. ఉక్కు ముల్లుతో పాడించే పాత గ్రామఫోను మీద కొత్త రికార్డు ఎన్నడూ వేయకండి. ఉక్కు ముల్లయితే ఒక్క పక్క పాడగానే మార్చాలి.

అన్నిటికన్న మంచిది ఒకటుంది. తెలిసినవారి చేత సరి అయిన ముల్లుతో ఒక్కసారి పాడించి, ఆ పాటను కంప్యూటరులో భద్రం చేయించండి. తరవాత మీరు ఎన్నిసార్లు విన్నా రికార్డు అరగదు. మీ తాతగారు విన్న పాటను మీ మనవలు కూడా వింటారు.