ఇంట్లోనే పెరిగే పిల్లికి ఏ మేత మంచిది?

పిల్లికి మేత కొంటారా అని అడిగితే మన పల్లెల్లో నవ్వుతారు. గడ్డివాము చుట్టూ, గాదె చుట్టూ తిరిగే పిల్లి తన తిండి తానే చూసుకుంటుంది. మనం పెట్టే పాలన్నం, చేప ముక్క దానికి చిరుతిండి మాత్రమే. అసలు భోజనం ఎలుక. అయితే పట్నంలో మూడో అంతస్తులో గడప దాటకుండా పెరిగే పిల్లికి ఎలుక దొరకదు, పిట్ట దొరకదు. గిన్నెలో మనం ఏది పోస్తే అదే దానికి ఆధారం. అందులో లోటుంటే పూడ్చుకునే దారి ఆ మూగప్రాణికి లేదు. ఉద్యోగాలకు పట్నం చేరిన మన పిల్లల ఇండ్లలో ఇప్పుడు ఇలాంటి పిల్లులు పెరుగుతున్నాయి. గనుక దుకాణంలో అమ్మే పొడి మేతలలో మంచి చెడ్డలు ఎలా పోల్చుకోవాలో పెద్దలకూ తెలిసి ఉండడం మంచిది.

ఎలుకలో ఏమున్నది?

చిట్టెలుక శరీరంలో దాదాపు మూడింట రెండు వంతులు నీరే. మిగిలిన దానిలో సగం వరకు మాంసకృత్తులు, ఆ తర్వాత కొవ్వు. పిండిపదార్థం బహు స్వల్పం. పిల్లి దేహం ఈ భోజనానికే కుదిరింది. క్యారెట్ తింటే మన శరీరం అందులోని రంగు పదార్థాన్ని విటమిన్ 'ఎ'గా మార్చుకుంటుంది. పిల్లికి ఆ శక్తి లేదు. అలాగే టారిన్ అనే పదార్థాన్ని సాధారణంగా కుక్క శరీరం తయారు చేసుకుంటుంది గాని, పిల్లి తనకు కావలసినంత చేసుకోలేదు. అది మాంసం నుండో చేప నుండో రావలసిందే. టారిన్ కొరవడితే పిల్లికి చూపు పోవచ్చు, గుండె కండరం బలహీనపడవచ్చు.

ఈ సంగతి లోకానికి తెలియడానికి ఎన్నో పిల్లులు ప్రాణాలు కోల్పోయాయి. గుండె ఉబ్బి చనిపోతున్న పిల్లులను అమెరికాలోని డేవిస్‌లో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పశువైద్యులు పరిశీలించారు. వాటి రక్తంలో టారిన్ చాలా తక్కువగా ఉన్నదనీ, టారిన్ ఇస్తే గుండె తిరిగి కోలుకుంటున్నదనీ 1987లో ప్రకటించారు. ఆ పిల్లులు తిన్నది ఇంటి మిగులు కాదు, కంపెనీలు అమ్మిన మేతే. తర్వాత కంపెనీలు టారిన్ పెంచాయి, ఆ జబ్బు అరుదైపోయింది. సంచి మీది అందమైన బొమ్మను కాక, వెనుక వైపు చిన్న అక్షరాలను చదవాలనడానికి కారణం ఇదే.

సంచి వెనుక ఏమి చూడాలి?

మన దుకాణాలలో విస్కాస్, థాయిలాండ్ నుండి వచ్చే మీ-ఓ, మన దేశపు డ్రూల్స్, ఫ్రాన్సులో 1968లో మొదలైన రాయల్ కానిన్ మొదలైనవి దొరుకుతాయి. విస్కాస్, రాయల్ కానిన్ రెండూ నేడు అమెరికాకు చెందిన మార్స్ కంపెనీవే. కాబట్టి పేరును బట్టి గాక ఈ నాలుగు సంగతులను బట్టి పోల్చండి.

మొదటిది, అది సంపూర్ణ ఆహారమా? 'సంపూర్ణమైన, సమతుల్యమైన ఆహారం' అనే మాట, ఏ వయసు పిల్లికో ఆ వివరం ఉండాలి. అమెరికాలో మేతలకు ప్రమాణాలు నిర్ణయించే ఆఫ్కో అనే సంఘం లెక్క ప్రకారం, తేమ తీసివేసి చూస్తే పెద్ద పిల్లి మేతలో కనీసం 26 శాతం, పిల్లి కూనల మేతలో 30 శాతం మాంసకృత్తులుండాలి. పొడి మేతలో టారిన్ కనీసం 0.1 శాతం ఉండాలి. కుక్కల మేతకు ఈ నియమం లేదు. గనుక కుక్క మేతనే పిల్లికీ రోజూ పెట్టవద్దు.

రెండవది, పదార్థాల వరుస. ఏది ఎక్కువ బరువు వేశారో దాని పేరు ముందుంటుంది. కోడి మాంసపు పొడి, చేప పొడి లాంటివి ముందుంటే మేలు. పచ్చి మాంసం పేరు ముందున్నా, దానిలో చాలా భాగం నీరేనని గుర్తుంచుకోండి. 'ధాన్యం లేనిది' అన్నంత మాత్రాన పిండి లేదని కాదు. బఠాణీలు, దుంపలు ఉండవచ్చు.

మూడవది, తేమ తీసిన లెక్క. పొడి మేతలో మాంసకృత్తులు 30 శాతం, తేమ 10 శాతం అని ఉన్నదనుకోండి. 30ని 90తో భాగించి 100తో హెచ్చవేస్తే 33 శాతం. తడి మేత పొట్లం మీద 9 శాతమేనని ఉంటుంది. కాని అందులో 82 శాతం నీరైతే, మిగిలిన 18లో 9, అంటే 50 శాతం. పైకి చిన్నగా కనబడిన అంకె నిజానికి పెద్దది.

నాలుగవది, రోజు ఖర్చు. 4 కిలోల బరువుండి, ఆపరేషన్ చేయించిన ఇంటి పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు చాలు. కిలో 400 రూపాయల మేతలో 100 గ్రాములకు 340 కేలరీలుంటే రోజుకు 59 గ్రాములు, సుమారు 24 రూపాయలు. కిలో 800 రూపాయల మేతలో 400 కేలరీలుంటే 50 గ్రాములు, 40 రూపాయలు. ధర రెట్టింపైనా ఖర్చు రెట్టింపు కాలేదు. గిన్నె నిండా పోసి వదిలేయక, త్రాసులో తూచి పెట్టండి. తిరుగుడు లేని పిల్లికి ఊబకాయం, దాని వెంట మధుమేహం రావచ్చు.

'ఇండోర్' అనే మాట

ఇలా రాసిన మేతలలో సాధారణంగా కేలరీలు తగ్గించి, పిల్లి నాకి మింగిన వెంట్రుకలు బయటికి పోయేందుకు పీచు కలుపుతారు. రాయల్ కానిన్ వారి 'ఇండోర్ 27' రకంలో 27 అనేది మాంసకృత్తుల శాతం. వయసూ కాదు, బరువూ కాదు. ఇంటి పిల్లికి ఇలాంటి మేతే కావాలని లేదు. మంచి మామూలు మేతను కొలిచి పెట్టినా చాలు.

నీళ్ళ సంగతి

ఎలుక తిన్న పిల్లి తిండితోనే నీరు తాగినట్టు. పొడి మేతలో ఆ నీరు పదో వంతైనా ఉండదు. ఎడారి జాతి నుండి వచ్చిన పిల్లికి దాహం తక్కువ. తగినంత నీరు లోపలికి పోకపోతే మూత్రం చిక్కబడుతుంది. మేతకు దూరంగా రెండు మూడు చోట్ల వెడల్పు గిన్నెలలో నీళ్ళుంచండి. కుదిరితే రోజుకొక పూట తడి మేత పెట్టండి. ముఖ్యంగా గండుపిల్లి ఇసుక పెట్టెలో మాటిమాటికి కూర్చుని మూలుగుతూ మూత్రం పోయలేకపోతుంటే తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. రెండు మూడు రోజులలో ప్రాణం పోగలదు.

మేత మార్చేటప్పుడు పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం, పది రోజులలో మార్చండి. కొత్త మేత నచ్చక పిల్లి పస్తులుంటే, ఆకలైతే అదే తింటుందిలే అని ఊరుకోవద్దు. లావైన పిల్లి కొద్ది రోజులు తినకపోతే కాలేయం చెడుతుంది. పెద్ద సంచి విప్పి విడిగా అమ్మే మేత చౌకగా దొరికినా కొనవద్దు. దాని మీద తేదీ ఉండదు, పదార్థాల పట్టిక ఉండదు. మీరు కొన్నదాన్ని కూడా సంచితోనే డబ్బాలో పెట్టి మూత బిగించండి. తర్వాత జబ్బు చేస్తే ఆ సంచి చూపించి వైద్యునితో మాట్లాడవచ్చు.