మంద్రధ్వని
మంద్రధ్వని అనగా తక్కువ పౌనఃపున్యం గల ధ్వని. మనిషి చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు గాని, అంతటా ఒకే సూక్ష్మతతో కాదు. 1,000 హెర్ట్జ్‌ల ధ్వని దాదాపు 2 డెసిబెల్‌ల వద్దనే వినిపిస్తుంది. 20 హెర్ట్జ్‌ల ధ్వనికి సుమారు 78 డెసిబెల్‌లు కావాలి. అనగా వాయుపీడనం కొన్ని వేల రెట్లు పెరగాలి. పీడనం ఇంకా బాగా పెరిగితే అది చెవితోనే ఆగదు. ఛాతీని, పొట్టను, కాళ్ళ కింది నేలను కూడా కంపింపజేస్తుంది. ఆ కంపనాన్ని చర్మంలోని స్పర్శగ్రాహకాలు పసిగడతాయి. ఊరేగింపులో పెద్ద స్పీకర్ల పక్కన నిలిచినవారికి గుండె అదిరినట్లుండడం ఇందువల్లనే.

వినికిడి లేనివారికి సంగీతం అందదనే నమ్మకం కూడా సరైనది కాదు. స్కాట్లండు తాళవాద్య కళాకారిణి ఎవిలిన్ గ్లెనీకి 12 ఏళ్ళకే వినికిడి చాలావరకు పోయింది. కంపనాలు తెలియడానికి ఆమె పాదరక్షలు లేకుండా వాయిస్తుంది. మంద్రస్వరాలు ముఖ్యంగా కాళ్ళకు, పాదాలకు, తారస్వరాలు ముఖానికి, మెడకు తెలుస్తాయని ఆమె వివరించింది.